నీచు మానేద్దామా? శాకాహారం చుట్టూ అపోహలు - వాస్తవాలు

"మేడం, నీచు మానేద్దామనుకుంటున్నాను, పర్లేదా?" డైటీషియన్‌గా నేను తరచూ వినే ప్రశ్న ఇది. కార్తీకమాసం, అయ్యప్ప దీక్షలు ముగిశాక ఇంకా ఎక్కువ వింటాను. రిపోర్టులో షుగరో, కొలెస్ట్రాలో, యూరిక్ యాసిడో పెరిగిందని కంగారుపడి అడిగేవాళ్ళు ఏడాది పొడవునా వస్తారు. జీవహింస ఇష్టం లేక మానాలనుకునే కుర్రవాళ్ళు కూడా ఈమధ్య బాగానే వస్తున్నారు. కారణం ఏదైనా నేను ముందు అడిగేది ఒక్కటే: కంచంలో ముక్క తీసేసిన చోట ఏం పెడతారు? ఈ ప్రశ్నకి జవాబు ఉన్నవాళ్ళు శాకాహారంతో హాయిగా ఉంటారు. జవాబు లేనివాళ్ళే రెండు మూడేళ్ళకి నీరసం, తిమ్మిర్లు అంటూ మళ్ళీ వస్తారు.

అపోహ: "మాల వేసుకున్న 41 రోజులూ ఒళ్ళు తేలిగ్గా ఉంది. మాంసమే నాకు పడట్లేదన్నమాట."

వాస్తవం: తేలిగ్గా ఉన్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఆ మండలం రోజుల్లో మారింది తిండి ఒక్కటేనా? మందు బంద్, సిగరెట్ బంద్. తెల్లవారకముందే లేచి స్నానం. చెప్పుల్లేకుండా నడక. మధ్యాహ్నం భిక్ష ఒక్కటే కడుపు నిండా, రాత్రికి అల్పాహారం. రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకోవడం అసలే ఉండదు. ఇన్ని మారినప్పుడు ఘనత అంతా మాంసం మానడానికే కట్టబెట్టడం కుదరదు. మాల తీసిన వారానికే "మళ్ళీ బరువుగా ఉంది మేడం" అనేవాళ్ళని అడిగితే తెలుస్తుంది, కోడికూరతో పాటు మిగతావన్నీ కూడా తిరిగొచ్చేశాయని.

ఇంకో సంగతి. 41 రోజుల్లో ఏ లోపమూ బయటపడదు. నరాలకీ రక్తానికీ కావలసిన బి12 విటమిన్ కాలేయంలో దాచుకున్నది మామూలుగా రెండు మూడేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే వస్తుంది. కాబట్టి దీక్షలో బాగున్నాను కదా అని జీవితాంతానికి లెక్క వేసుకోవద్దు. నిజంగా తేల్చుకోవాలంటే మందు, సిగరెట్, అర్ధరాత్రి తిండి వీటన్నిటినీ అలాగే దూరంగా ఉంచి, గుడ్డు, చేపలు మాత్రం మళ్ళీ మొదలుపెట్టి చూడండి. అప్పుడు కూడా తేలిగ్గానే ఉంటే, బరువు ఎక్కడినుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది.

అపోహ: "ముక్క లేనిదే మనకి బలం రాదు. పప్పు తిని పనిచేయగలమా?"

వాస్తవం: 2014లో జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేయించిన సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ మాంసాహారులు 98 శాతానికి పైనే అని తేలింది. ఆ అంకె చూస్తే రోజూ ముక్కతోనే భోంచేస్తున్నాం అనిపిస్తుంది. ఇళ్ళలో అడిగి చూడండి. చాలా మందికి ఆదివారం చికెన్, మధ్యలో ఓసారి చేపలు, అంతే. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి వదిలేశాక మిగిలేవి ఎన్ని రోజులు? వారంలో ఎక్కువ పూటలు మనం ఇప్పటికే శాకాహారులం. అందుకే నా లెక్కలో ఆదివారం కోడికూర పోవడం పెద్ద నష్టం కాదు. రోజూ గుడ్డు తినేవాళ్ళకి అది పోవడమే నష్టం.

ఇక పప్పు దగ్గరికి వద్దాం. "మేం రోజూ పప్పు తింటాం మేడం" అని దాదాపు అందరూ అంటారు. ఎంత పోస్తారని అడుగుతాను. "నలుగురికి ఒక టీ గ్లాసు" అంటారు. చిన్న టీ గ్లాసుకి కందిపప్పు 80, 90 గ్రాములు పడుతుంది. నలుగురు పంచుకుంటే మనిషికి సుమారు 20 గ్రాములు. అందులో ప్రొటీన్ నాలుగున్నర గ్రాములు, అంటే ఒక్క గుడ్డంత కూడా కాదు. పప్పుచారు అయితే ఇంకా పల్చన. ఉలవచారు బలం అంటారు, కానీ ఉలవలు ఉడికిన నీళ్ళే చారవుతాయి. గింజలు పశువులకి పెట్టేవాళ్ళు, ప్రొటీన్‌లో ఎక్కువ భాగం వాటికే వెళ్ళేది. ఆ గింజల్ని తాలింపు వేసి గుగ్గిళ్ళుగా మీరు తినండి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. మన మామూలు కంచం చూద్దాం. రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం నుంచి 22 గ్రాముల దాకా, ఆ 20 గ్రాముల పప్పు నుంచి నాలుగున్నర, కప్పు గట్టి పెరుగు నుంచి ఆరు, కూరల నుంచి మూడో నాలుగో. మొత్తం 36 దగ్గరే ఆగుతుంది. రెండు గుడ్లు ఉంటే లోటు చాలావరకు పూడేది. గుడ్డు తీసేస్తే పప్పుని 60 గ్రాములకి పెంచాలి, గుప్పెడు పల్లీలో సెనగ గుగ్గిళ్ళో చేర్చాలి. లెక్క 50 దాటుతుంది. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, వారంలో రెండుసార్లు మీల్ మేకర్ (సోయా) కూర, సాయంత్రం మిక్చర్ మాని బొబ్బర్లు. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు, ప్రొటీన్ పౌడర్ డబ్బా అవసరం అంతకన్నా లేదు.

ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న భాగాలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో బాగా ఉంటుంది. పప్పుల్లో తక్కువైన మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు ఉంటే ప్రొటీన్ నాణ్యత బాగుంటుందని అదే సంస్థ చెబుతోంది. పైన చెప్పిన కంచంలో బియ్యం 15 పాళ్ళయితే పప్పు ఒక్క పాలు. పప్పు పెంచుతూ అన్నం తగ్గించాలి. రెండూ ఒకే పూట తినాలన్న నియమం మాత్రం లేదు, రోజు మొత్తంలో అందితే చాలు.

అపోహ: "పెరుగన్నం, చద్దన్నం తింటున్నాం కదా, బి12 అదే వస్తుంది."

వాస్తవం: దయచేసి ఈ ఒక్కటి జాగ్రత్తగా చదవండి. బి12 మొక్కల నుంచి రాదు. ఆకుకూరల్లో లేదు, మొలకల్లో లేదు, పులిసిన ఇడ్లీ పిండిలోనూ చద్దన్నంలోనూ నమ్ముకోదగినంత లేదు. స్పైరులినా అనే నాచు పొడిలో ఉన్నది ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని రూపం. శాకాహారికి సహజంగా దొరికే చోటు పాలు, పెరుగు, పనీరు మాత్రమే. అది కూడా రోజుకి అర లీటరు దాకా పాలో పెరుగో తీసుకుంటేనే ఏదో సరిపోయిందనిపిస్తుంది. రెండు టీల్లో పడే పాలు, పల్చటి మజ్జిగ ఆ లెక్కలోకి రావు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 పేగుల నుంచి సరిగా ఒంటికి పట్టదు. గ్యాస్ మాత్రలు పరగడుపున ఏళ్ళకేళ్ళు వేసుకునేవాళ్ళదీ అదే పరిస్థితి. మన దగ్గర మధ్యవయసు వాళ్ళలో ఈ రెండూ కలిపి వాడేవాళ్ళు ఎంతమందో! వాళ్ళు నీచు కూడా మానేస్తే మూడు దెబ్బలూ ఒకేసారి. అరికాళ్ళలో మంటలు, వేళ్ళలో తిమ్మిర్లు, నాలుక పూత, మతిమరుపు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు "నరాల బలహీనత" అంటారు, షుగర్ ఉంది కాబట్టి షుగర్ వల్లే అనుకుంటారు. పైగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటూ ఉంటే మామూలు రక్తం పరీక్ష బాగానే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా వెనక్కి రాదు. నాకు భయం వేసేది ఇక్కడే.

మానేసే ముందు ఒకసారి బి12 పరీక్ష చేయించుకోండి, మానేశాక ఏడాదికోసారి. 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం కింద లెక్క. అంతకంటే కాస్త ఎక్కువ ఉన్నా తిమ్మిర్లు ఉంటే డాక్టర్‌కి చెప్పండి. పాలు కూడా మానేసేవాళ్ళయితే మాత్ర తప్పనిసరి. దీనికి వేరే దారి లేదు.

అపోహ: "బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం తింటే రక్తం పడుతుంది, మాంసం అక్కర్లేదు."

వాస్తవం: బెల్లం ముక్క పది గ్రాములు తింటే వచ్చే ఐరన్ అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆడవాళ్ళకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది, అంతవరకే.

అలాగని మాంసం తింటే రక్తహీనత రాదనీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి 98 మంది మాంసాహారులున్న రాష్ట్రాల్లో ఇది పరిస్థితి! వారానికోసారి వండిన కూరలో చివరగా తినే ఇల్లాలికి మిగిలేది రెండు ఎముక ముక్కలూ పులుసూ అయితే ఇంకేం జరుగుతుంది?

శాకాహారంలో ఐరన్ లేదని కాదు, ఒంటికి పట్టేది తక్కువ. దాన్ని పెంచుకునే ఉపాయాలు మన వంటింట్లోనే ఉన్నాయి. పప్పులో నిమ్మరసం దింపాక పిండండి, ఉసిరికాయ పచ్చడి వేసుకోండి, భోజనం తర్వాత జామకాయ తినండి. గింజల్ని నానబెట్టి మొలక కట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ ముట్టుకోవద్దు. టిఫిన్ చేతిలో ఉండగానే టీ గ్లాసు పట్టుకునే అలవాటు మనకి చాలా గట్టిది, కానీ మార్చుకుని తీరాలి. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే తిండి ఒక్కదానితో సరిచేయాలని చూడకండి, ఐరన్ మాత్రలు వేసుకోండి.

అపోహ: "నీచు మానేస్తే షుగర్, కొలెస్ట్రాల్, బరువు మూడూ దిగుతాయి."

వాస్తవం: మటన్, వేట తలకాయ, బోటీ తరచూ తినేవాళ్ళు మానేస్తే కొలెస్ట్రాల్ కొంత తగ్గొచ్చు. కానీ నేను ఎక్కువగా చూసేది ఇంకోలా ఉంటుంది. ఒక పెద్దాయన తిండి వివరం రాయించుకున్నాను: పొద్దున నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం పెద్ద కంచం నిండా అన్నం, దొండకాయ వేపుడు, చారు, అప్పడాలు, మజ్జిగ. సాయంత్రం జంతికలు. రాత్రి మూడు చపాతీలు, బంగాళాదుంప కూర. నీచు మానేసినప్పటి నుంచి షుగర్ పెరుగుతోందని ఆయన బాధ. ఆ జాబితాలో ప్రొటీన్ ఎక్కడుందో వెతకండి. ముక్క పోయిన చోటుకి ఇంకో రెండు గరిటెల అన్నమే వచ్చింది. పప్పు, కూర ముందు తిని అన్నం సగానికి తగ్గించుకున్నాకే అంకెలు దారికొచ్చాయి.

బ్రిటన్‌లో ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అనే పెద్ద అధ్యయనం సుమారు 48 వేల మందిని 18 ఏళ్ళ పాటు గమనించి 2019లో ఫలితాలు చెప్పింది. మాంసం తినేవాళ్ళతో పోలిస్తే శాకాహారుల్లో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ, అదీ ముఖ్యంగా మెదడులో రక్తస్రావం వల్ల వచ్చేది. వాళ్ళ తిండి వేరు, మన తిండి వేరు. అయినా శాకాహారం అన్ని జబ్బులకీ కవచం అనుకోకూడదని చెప్పడానికి ఇది చాలు.

ఆరోగ్యం ఒక్కటే కారణమైతే నా సలహా సూటిగా చెబుతాను: సాసేజ్‌లు, సలామీల్లాంటి ప్రాసెస్ చేసిన మాంసం పూర్తిగా మానండి, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే వాటిని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మటన్ బాగా తగ్గించండి. గుడ్డు, చేప ఉంచుకోండి. భక్తితోనో జీవకారుణ్యంతోనో మానేస్తుంటే ఆ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అప్పుడు పప్పు కొలతా, బి12 పరీక్షా మీ బాధ్యత.

అపోహ: "మీల్ మేకర్ తింటే మగవాళ్ళలో ఆడ హార్మోన్లు పెరుగుతాయి."

వాస్తవం: పెరగవు. పరిశోధనల్లో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మీద ప్రభావం కనిపించలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రం మాత్రకీ సోయాకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి.

అపోహ: "యూరిక్ యాసిడ్ ఉంది, మాంసంతో పాటు పప్పులూ మానేయాలి."

వాస్తవం: కాలేయం, రొయ్యలు, మటన్, బీరు, వీటి సంగతి చూడండి. పప్పుల్లోని ప్యూరిన్ల (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాల) వల్ల గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ వాపు, ముప్పు పెరిగినట్టు తేలలేదు. మాంసమూ మాని పప్పూ మానితే మిగిలేది అన్నం, చారే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ లెక్క పూర్తిగా వేరు, వాళ్ళు తమ డాక్టర్‌ని అడగకుండా ఏదీ పెంచకూడదు, తగ్గించకూడదు.

అపోహ: "ఇంటి పెద్ద మానేస్తే ఇంటిల్లిపాదీ మానేయడమే మంచిది."

వాస్తవం: యాభై ఏళ్ళ మనిషికి సరిపోయేది పదమూడేళ్ళ అమ్మాయికి సరిపోదు. నెలసరి మొదలైన పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఒళ్ళు కరిగిపోతున్న ముసలివాళ్ళు, వీళ్ళ గుడ్డు ఎవరి మొక్కు కోసమూ తీసేయొద్దు. తల్లికి బి12 లేకపోతే తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకీ ఉండదు, బిడ్డ ఎదుగుదల ఆగిపోయి ఒళ్ళు వణికే జబ్బు వచ్చిన సందర్భాలు మన దేశంలో వైద్యులకి బాగా తెలుసు. "రెండు గిన్నెల్లో వండలేను" అనే ఇల్లాలి ఇబ్బంది నాకు తెలుసు. గుడ్లు ఉడకబెట్టడానికి వేరే చిన్న గిన్నె పెట్టుకుంటే సరిపోతుంది. ఇంట్లో అదీ కుదరదంటే అంగన్‌వాడీలో గర్భిణులకి, బడి భోజనంలో పిల్లలకి ఇచ్చే గుడ్డుని అక్కడైనా తిననివ్వండి.

అపోహ: "ఏళ్ళు మానేశాక మళ్ళీ తింటే అరగదు."

వాస్తవం: పప్పులో ప్రొటీన్‌ని అరిగించే రసాలే మాంసాన్నీ అరిగిస్తాయి, అవి ఎక్కడికీ పోవు. చాలాకాలం తర్వాత మొదటిసారి కడుపు బరువుగా అనిపించొచ్చు, వాసన పడకపోవచ్చు. డాక్టర్ సలహా మీద మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే సగం ఉడికించిన గుడ్డు వద్దు, బాగా ఉడికిన గుడ్డుతో మొదలుపెట్టండి. అది పడితే చేప. మనసొప్పకపోతే బలవంతం లేదు, బి12 ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి, వాటిని మధ్యలో ఆపకుండా వాడండి.