డిటెక్టివ్ సీక్వెల్ ఎందుకు తేలిపోతుంది: అపోహలు, వాస్తవాలు

కథా చర్చల్లో కూర్చోవడం నా వృత్తి. డిటెక్టివ్ కథ అనగానే సిట్టింగులో ఎవరో ఒకరు, అగాథా క్రిస్టీ నవలల్లోని డిటెక్టివ్ పొయిరోని పెట్టి కెనెత్ బ్రానా తీసిన సినిమాలు ఎత్తుతారు. 2017లో 'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్' అయిదున్నర కోట్ల డాలర్ల ఖర్చుకి 35 కోట్లు తెచ్చింది. 2022లో రెండోది, 'డెత్ ఆన్ ది నైల్', తొమ్మిది కోట్లు పెడితే 14 కోట్లు కూడా రాలేదు. ఎందుకు పోయిందో చెప్పమంటే రకరకాల కారణాలు వినిపిస్తాయి.

అపోహ: హంతకుడెవరో తెలిసిన కథని మళ్లీ ఎవరు చూస్తారు?

వాస్తవం: అలాగైతే మొదటిదే ఆడకూడదు. ఆ నవల 1934 నాటిది, 1974లో సిడ్నీ లూమెట్ సినిమా కూడా తీశాడు. ముగింపు తెలిసినవాళ్లు క్లూలు ఎక్కడెక్కడ దాచారో చూద్దామని వస్తారు.

అపోహ: కోవిడ్ దెబ్బ కొట్టింది.

వాస్తవం: వసూళ్ల వరకూ సగం నిజం. 2019 డిసెంబర్‌లో రావాల్సిన సినిమా వాయిదాలు పడీ పడీ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. కానీ ఇంట్లో తీరిగ్గా చూసినవాళ్లకీ బోరు కొట్టిందిగా!

అపోహ: ఈజిప్టు వెళ్లకుండా స్టూడియోలో చుట్టేశారు, అందుకే చెడింది.

వాస్తవం: ఇదే నవలతో పీటర్ ఉస్తినోవ్ నటించిన 1978 సినిమాని ఈజిప్టులోనే తీశారు. అందులోని ఎండా, దుమ్మూ ఇందులో లేవు. ఇంగ్లండ్‌లోని లాంగ్‌క్రాస్ స్టూడియోలో ఓడ సెట్ వేసి, చుట్టూ గ్రాఫిక్స్‌తో నదిని పరిచారు. ఆ వెలుతురు కృత్రిమంగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఒక మాట. 1960లలో ఆస్వాన్ హై డ్యామ్ కోసం, కథలో వచ్చే అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి మార్చారు. 1930ల నాటి దృశ్యం ఇప్పుడు అక్కడికి వెళ్లినా దొరకదు. పైగా హత్య జరిగాక కథంతా ఓడ గదుల్లోనే. లొకేషన్ మీద పడి ఏడవడం అనవసరం.

అపోహ: డిటెక్టివ్‌కి ఒక విషాద గతం పెడితే పాత్రకి లోతు వస్తుంది.

వాస్తవం: అసలు జబ్బు ఇదే. సినిమా మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో, బ్లాక్ అండ్ వైట్‌లో మొదలవుతుంది. కుర్ర పొయిరో ముఖానికి గాయమవుతుంది, ఆ మచ్చ దాచుకోవడానికి మీసం పెంచుతాడు. క్రిస్టీ పుస్తకాల్లో ఆ మచ్చే లేదు. అతను యుద్ధంలో ఇంగ్లండ్ చేరిన బెల్జియం పోలీసు అధికారి, మీసం అచ్చంగా గర్వం. ఆ డాబు చూసే ఎదుటివాళ్లు అతన్ని తేలిగ్గా తీసుకుని నోరు జారతారు. మచ్చ పెట్టి ఆ ఆయుధం లాగేసుకున్నారు.

మన సిట్టింగుల్లోనూ 'హీరోకి ఓ ఫ్లాష్‌బ్యాక్ తగిలిద్దాం' అంటారు. మాస్ సినిమాలో అది నడుస్తుంది, అక్కడ కథ హీరోది కాబట్టి. డిటెక్టివ్ కథ అనుమానితులది. డిటెక్టివ్ బయటివాడు, మధ్యలో వచ్చి చూసి వెళ్లిపోతాడు.

అతని గతానికిచ్చిన ప్రతి నిమిషం ఎవరో ఒకరి దగ్గర కోసిందే. 127 నిమిషాల సినిమాలో దాదాపు సగం అయ్యాక హత్య జరుగుతుంది. మిగిలిన గంటలో ఇంతమందిని ఎప్పుడు విచారించాలి? అందుకే నవలలోని ఫెర్గుసన్, ఫాన్‌థార్ప్, కార్నీలియా, రిచెట్టి ఓడెక్కనే లేదు. పొయిరోకి తోడుండే గూఢచారి అధికారి కల్నల్ రేస్ లేడు, అతను వెతుకుతున్న విప్లవకారుడి ట్రాకూ లేదు. ఇవన్నీ లాగ్ అనుకుని ఎత్తేసినట్టున్నారు. నవలలో వీళ్లలో చాలామంది దగ్గర సొంత రహస్యం ఒకటి ఉంటుంది. ఆ చిన్నవాటిని తప్పించుకుంటూ పోతేనే పెద్ద అబద్ధం కనిపిస్తుంది.

పెన్నింగ్టన్ సంగతే చూడండి. నవలలో ఇతను డబ్బున్న వారసురాలు లినెట్ ఆస్తి చూసే అమెరికన్ ట్రస్టీ. ఆమె పెళ్లి వార్త తెలిసి హడావుడిగా ఓడెక్కి వచ్చి, ఈజిప్టులో అనుకోకుండా కలిసినట్టు నటిస్తాడు. కాగితాలు ముందు పెడితే ఆమె ప్రతి పేజీ చదివి సంతకం పెడుతుంది. పక్కనున్న మొగుడు మాత్రం, 'నేనైతే చదవను, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తా' అంటాడు. పెన్నింగ్టన్ ముఖం ఎలా మారిందో మనకి అర్థమవుతుంది. ఒక్క సీన్‌లో ముగ్గురి స్వభావం! సినిమాలో ఆ స్థానంలో మన అలీ ఫజల్ ఉన్నాడు, ట్రస్టీ కాస్తా కజిన్ అయ్యాడు. నటుడి తప్పేం లేదు. అనుమానం ముదిరేలోపే అతని ట్రాక్ తేలిపోతుంది.

అపోహ: మూలాన్ని మార్చడమే పాపం.

వాస్తవం: 2023లో వచ్చిన మూడోది, 'ఎ హాంటింగ్ ఇన్ వెనిస్', మూలాన్ని ఇంకా ఎక్కువ మార్చింది. 1969 నాటి 'హాలోయీన్ పార్టీ' జరిగేది ఇంగ్లండ్ పల్లెలో, సినిమా జరిగేది యుద్ధం తర్వాతి వెనిస్‌లో. ఒక పాత భవనం, తుఫాను రాత్రి, కొద్దిమంది మనుషులు. పొయిరో బాధ ఇక్కడా ఉంది, కానీ దయ్యాలున్నాయా లేవా అన్న కేసులోని ప్రశ్నకే దాన్ని ముడిపెట్టారు. మూడింట్లో నాకు నచ్చింది అదే. వసూళ్లు మాత్రం రెండోదాని కంటే తక్కువ. 'మళ్లీ ఆ మీసాలాయనేనా' అని హాలు మొహం చూడనివాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు.