‘కొనండి’ అన్న బటన్ వెనుక ఒప్పందం: గేముల వేదికలతో వినియోగదారుల పేచీ పూర్వాపరాలు

2024 అక్టోబరులో, కంప్యూటర్ గేములను ఇంటర్నెట్‌లో అమ్మే స్టీమ్ వేదికపై గేము కొనేందుకు కార్ట్ తెరిచినవారికి, డబ్బు కట్టే బటన్ దగ్గర అంతకు ముందు లేని ఒక చిన్న వాక్యం కనిపించింది. డిజిటల్ వస్తువును కొంటే దక్కేది ఆ వస్తువును స్టీమ్‌లో వాడుకునే లైసెన్స్ అని దాని సారాంశం. నిజానికి అందులో కొత్త సంగతేమీ లేదు. గేము అమ్మడం లేదు, వాడుకునే అనుమతి ఇస్తున్నాం అన్న మాట ఆ వేదిక చందాదారు ఒప్పందంలో ఏళ్ల తరబడి ఉన్నదే. ఒప్పందం చదివినవారు తక్కువ, బటన్ నొక్కినవారు ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క వాక్యం చాలామందికి పిడుగులా తోచింది. అంతకు ముందు నెలలోనే కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అమ్మేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ వంటి మాటలు వాడరాదని, 2025 జనవరి 1 నుంచి ఇది వర్తిస్తుందని ఆ చట్టం చెప్పింది. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకున్నా శాశ్వతంగా వాడుకోగల వస్తువులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

పేచీ మూలం గేముల కంటే చాలా పాతది. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకం అమ్మేవాడు ప్రచురణకర్త అనుమతి అడగడు, అడగనక్కరలేదు. ఒకసారి అమ్మిన ప్రతిపై ప్రచురణకర్త పెత్తనం అక్కడితో సరి అన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే ఒక పుస్తకం ధర తగాదాలో ఖాయం చేసింది. సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ సూత్రాన్ని దాటేందుకు కనిపెట్టిన దారి చాలా సరళమైనది: అమ్మామని ఒప్పుకుంటేనే కదా ఆ సూత్రం వర్తించేది, కాబట్టి అమ్మలేదని, లైసెన్స్ ఇచ్చామని రాసుకోవడం. పెట్టె లోపల ఉన్న ఒప్పందం కూడా కొనుగోలుదారును కట్టిపడేస్తుందని 1996లో ఒక అమెరికన్ అప్పీలు కోర్టు అన్నది. ఆటోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత ప్రతులను ఈబేలో అమ్మిన వ్యక్తి వాటి యజమాని కాడని, అవి కేవలం లైసెన్స్ మీద ఇచ్చినవని 2010లో మరో అప్పీలు కోర్టు తేల్చింది.

వాల్వ్ సంస్థ స్టీమ్‌ను 2003 సెప్టెంబరులో ప్రారంభించింది. మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన హాఫ్ లైఫ్ 2 గేమును దుకాణంలో డిస్కుగా కొన్నవారు సైతం ఇంటికి వెళ్లి, ఇంటర్నెట్‌కు కలిపి, స్టీమ్ ఖాతా తెరిచి, ఆ ప్రతిని ఖాతాకు జతచేస్తే గానీ ఆడలేకపోయారు. డిస్కు చేతిలో ఉన్నా తాళంచెవి ఖాతాలో ఉండిపోయింది. జర్మనీ వినియోగదారుల సంఘాల సమాఖ్య దీనిపై కోర్టుకు వెళ్లగా, ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయరాదన్న షరతు చెల్లుతుందని 2010 ఫిబ్రవరిలో ఆ దేశపు అత్యున్నత సివిల్ కోర్టు చెప్పింది. డిస్కును ఎవరికైనా అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాడికి అది ఎందుకూ కొరగాదు. ఈ వాదన చట్టపరంగా గట్టిదే కావచ్చు, కానీ సామాన్యుడికి ఇది మాటల గారడీగా కనిపిస్తే తప్పుపట్టలేం.

అయితే వినియోగదారుల అసంతృప్తి ఆగ్రహంగా మారింది యాజమాన్యపు ప్రశ్న మీద కాదు, కోర్టు తలుపు మూసుకుపోవడం మీద. ఉచితమన్న ఫోనుకు 30 డాలర్ల చిల్లర పన్ను వసూలు చేశారంటూ ఒక దంపతులు ఏటీ అండ్ టీ టెలిఫోను సంస్థపై వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 2011 ఏప్రిల్‌లో 5-4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. తగాదాలను కోర్టులో కాక మధ్యవర్తి దగ్గరే, అదీ ఎవరికి వారు విడివిడిగానే తేల్చుకోవాలని ఒప్పందంలో రాసుకుంటే, రాష్ట్రాల చట్టాలు దానిని కాదనలేవని ఆ తీర్పు సారం. 30 డాలర్ల కోసం ఒంటరిగా పోరాడేవాడెవడు? చాలామంది కలిసి ఒకే కేసుగా వేసే సామూహిక దావా ఉన్నదే అటువంటి చిన్న నష్టాల కోసం. ఆ అవసరాన్ని వినియోగదారుల కంటే ముందు సంస్థలే గుర్తించాయి. ఏప్రిల్‌లోనే తన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు చొరబడి కోట్లాది ఖాతాల సమాచారం బయటపడిన సోనీ, అదే సంవత్సరం సెప్టెంబరులో సామూహిక దావా హక్కును వదులుకునే షరతును ఒప్పందంలో చేర్చింది. షరతు వద్దనుకునేవారు 30 రోజుల్లోగా లాస్ ఏంజెలెస్ చిరునామాకు కాగితం మీద ఉత్తరం రాయాలి. ఒప్పుకోవడానికి ఒక్క బటన్ చాలు, కాదనడానికి మాత్రం కవరు, స్టాంపు, తపాలా పెట్టె కావాలి. అదే నెలలో గేముల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన ఆరిజిన్ వేదికకు, డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్‌కు ఇదే బాట పట్టించాయి.

2012 వేసవిలో వాల్వ్ వంతు వచ్చింది. సామూహిక దావాల వల్ల న్యాయవాదులకే తప్ప వాడుకరులకు మేలు లేదని, చిన్న మొత్తాల తగాదాల్లో మధ్యవర్తిత్వపు ఖర్చు తామే భరిస్తామని సంస్థ వివరణ ఇచ్చుకుంది. ఖర్చు భరించడం మాట వరకు అది ఉదారమైన షరతే. కానీ అసలు గుచ్చుకున్న ముల్లు వేరే చోట ఉంది. కొత్త ఒప్పందానికి ‘అంగీకరిస్తున్నాను’ అనకపోతే ఖాతాలోకి ప్రవేశం లేదు, ఖాతాలోకి వెళ్లలేకపోతే అప్పటికే డబ్బు కట్టి తీసుకున్న గేములు లేవు. దుకాణదారు నచ్చని షరతు పెడితే రేపటి నుంచి వేరే దుకాణానికి వెళతాం, ఇంట్లో ఉన్న సరుకు ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఏళ్ల తరబడి కొన్న సరుకంతా దుకాణదారు గోదాములోనే ఉంది, అంటే కొనుగోలుదారు జుట్టు అతడి చేతిలో ఉన్నట్టే. జర్మన్ సమాఖ్య 2012లో వాల్వ్‌కు పంపిన హెచ్చరికలో ప్రధానంగా ఎత్తిచూపింది ఈ బలవంతపు అంగీకారాన్నే.

ఆ సమాఖ్యకు అదే ఏడాది జూలైలో యూరోపియన్ న్యాయస్థానం నుంచి ఒక ఆశ కూడా దొరికింది. శాశ్వత లైసెన్స్‌తో దింపుకున్న సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమ్ముకోవచ్చని ఒరాకిల్ సంస్థ కేసులో ఆ కోర్టు అన్నది. ఆ బలంతో 2013లో వాల్వ్‌పై మళ్లీ వేసిన దావా 2014 ఆరంభంలో బెర్లిన్ కోర్టులో వీగిపోయింది. ఫ్రాన్స్‌లో యూఎఫ్‌సీ క్యూ షువాజీర్ అనే వినియోగదారుల సంఘం 2015లో మొదలుపెట్టిన పోరు ఇంకా దూరం నడిచింది. స్టీమ్ గేములను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని 2019 సెప్టెంబరులో ప్యారిస్ కోర్టు చెప్పినప్పుడు ప్రపంచమంతా వార్త అయింది. 2022 అక్టోబరులో అప్పీలు కోర్టు దానిని కొట్టివేసినప్పుడు, 2024 అక్టోబరులో దేశ అత్యున్నత న్యాయస్థానం ఆ కొట్టివేతనే సమర్థించినప్పుడు పట్టించుకున్నవారు కొద్దిమంది. గేము అంటే ఒట్టి ప్రోగ్రామ్ కాదు, బొమ్మలు, సంగీతం, కథ కలిసిన సృజన కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన సడలింపు దానికి వర్తించదన్నది అక్కడి తర్కం.

వినియోగదారులు స్పష్టంగా గెలిచిన చోటు ఆస్ట్రేలియా. డబ్బు వాపసు ఇవ్వబోమన్న షరతుపై ఆ దేశపు పోటీ, వినియోగదారుల కమిషన్ 2014 ఆగస్టులో కేసు పెట్టింది. తమకు అక్కడ వ్యాపారమే లేదని, ఒప్పందానికి వాషింగ్టన్ రాష్ట్ర చట్టమే వర్తిస్తుందని వాల్వ్ వాదించింది. ఫెడరల్ కోర్టు రెండు వాదనలనూ తోసిపుచ్చి, 2016 డిసెంబరులో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. కేసు నడుస్తుండగానే, 2015 జూన్‌లో, కొన్న 14 రోజుల్లోగా, ఆడిన సమయం 2 గంటలు మించకపోతే డబ్బు వాపసు ఇచ్చే విధానాన్ని స్టీమ్ ప్రపంచమంతటా ప్రవేశపెట్టింది. ఈ రెండు పరిణామాలకూ సంబంధం ఉందని సంస్థ చెప్పలేదు, లేదని నమ్మడం నాకైతే కష్టం.

మధ్యవర్తిత్వపు షరతు చివరకు సంస్థలకే బెడిసికొట్టింది. విడివిడిగా రమ్మన్నారు కదా అని న్యాయవాదులు వేలాది వాడుకరులను పోగుచేసి, ఒక్కొక్కరి పేరిట ఒక్కో ఫిర్యాదు దాఖలు చేయడం మొదలుపెట్టారు. ప్రతి ఫిర్యాదుకూ రుసుము కట్టవలసింది సంస్థే కాబట్టి, తగాదా తేలకముందే బిల్లు తడిసి మోపెడవుతుంది. వాల్వ్‌కూ ఇదే అనుభవం ఎదురైంది. 2024 సెప్టెంబరు చివర్లో ఆ షరతును, సామూహిక దావా నిషేధాన్ని తొలగించి, తగాదాలన్నీ వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలోని కోర్టుల్లోనే అని రాసుకుంది. ఈ మార్పు వాడుకరులకు అనుకూలమే, కానీ వచ్చిన పద్ధతి మాత్రం పాతదే: కొత్తగా ఏదైనా కొంటే అంగీకరించినట్టే, ఏమీ చేయకపోతే నవంబరు 1 నుంచి అమలు, వద్దనుకుంటే ఆలోగా ఖాతా తొలగించుకోవాలి.

అదే ఏడాది మార్చి 31న గేముల సంస్థ యూబీసాఫ్ట్ 2014 నాటి ‘ది క్రూ’ గేము సర్వర్లను ఆపేయడంతో, డబ్బు కట్టినవారి ప్రతులు ఆడటానికి వీల్లేకుండా పోయాయి. దాని నుంచి పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమపు వినతికి 2025 జూలైలో యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటాయి.

మన దేశంలో స్టీమ్ 2015 నవంబరు నుంచి రూపాయల్లో ధరలు చూపిస్తోంది. కింగ్ కౌంటీ షరతు హైదరాబాదు, విజయవాడ ఆటగాళ్లకు అక్షరాలా వర్తిస్తే 500 రూపాయల గేము కోసం ఆ కౌంటీలోని సియాటెల్ నగరానికి విమానం ఎక్కాలి. అంత అవసరం రాకుండా మన చట్టంలో కొన్ని ఆధారాలున్నాయి. ఒప్పందంలో మధ్యవర్తిత్వపు షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే స్థిరాస్తి సంస్థ కేసులో స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనే కొత్త నిర్వచనాన్ని తెచ్చి, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతును అందులో చేర్చింది, ఫిర్యాదిదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చని కూడా చెప్పింది. కాకపోతే అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్లకు ఇవ్వలేదు, అది రాష్ట్ర కమిషన్ నుంచే మొదలవుతుంది. గేము ధర ఎంత తక్కువైనా, ఆదిలాబాదులో ఉన్న కొనుగోలుదారు ఆ షరతు చెల్లదని అనిపించుకోవాలంటే హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌నే ఆశ్రయించాలి.