ఆరున్నర సెకన్లలో కనిపించేది

తెనాలి నుంచి ఒక పాఠకుడు రాశారు. బ్యాంకులో ఉద్యోగం, వయసు 41. “రెండేళ్లుగా రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో పది పదిహేను గేములు చెస్ ఆడుతున్నానండీ. మూడు నిమిషాల ఆట, ఎత్తుకు రెండు సెకన్లు కలిసే రకం. రేటింగ్ 1150 దగ్గర మొదలైంది, ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది. మావాడు ఎనిమిదో తరగతి, ఆర్నెల్లలో నన్ను దాటేశాడు. ఈ వయసులో వేగంగా ఆలోచించడం నేర్చుకోగలమా, లేక బుర్ర నెమ్మదించినట్టేనా?” ఉత్తరంతోపాటు తను ఓడిపోయిన ఒక ఆట కూడా పంపారు. ఆ ఆట చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ముందు చిన్న లెక్క. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. ఆట 40 ఎత్తులు సాగితే, ఎత్తుకు రెండు చొప్పున ఇంకో 80 కలుస్తాయి. మొత్తం 260. నలభైతో భాగిస్తే ఎత్తుకు ఆరున్నర సెకన్లు. అవతలివాళ్లు ఏం చేశారో చూడటం, మన ఎత్తు ఎంచుకోవడం, వేలితో పావు జరపడం, అన్నీ అందులోనే. “వాడు ఇలా వస్తే నేను అలా, అప్పుడు వాడు ఇలా” అనుకుంటూ ఆ కాస్త సమయంలో ఎంత దూరం పోగలం? రెండు మూడు ఎత్తులు. గ్రాండ్‌మాస్టర్లు ఇంకొంచెం ముందుకు పోతారేమో. కానీ వాళ్లకీ మనకీ ఉన్న దూరమంతా ఆ కొంచెంలో లేదు.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్. ప్రపంచ స్థాయి ఆటగాళ్ల ముందు ఒక బోర్డు పెట్టి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నాడు. అలా చెప్పినవాళ్లలో ప్రపంచ ఛాంపియన్ అలెఖిన్ కూడా ఉన్నాడు. మామూలు క్లబ్ ఆటగాళ్లతోనూ అదే చేయించాడు. 1946లో వచ్చిన ఆయన పరిశోధనలో తేలిందేమిటంటే, గొప్పవాళ్లు మిగతావాళ్లకంటే మరీ లోతుగా లెక్కలు వేయడం లేదు. కానీ మంచి ఎత్తు మాత్రం వాళ్లకు మొదటి చూపులోనే తడుతోంది. లెక్క దాని తర్వాత మొదలవుతోంది.

1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ దీన్నే ఇంకా పదునుగా పరీక్షించారు. సైమన్ అంటే తర్వాత 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న సైమనే. నిజంగా జరిగిన ఆటల్లోంచి ఒక స్థితి తీసుకుని, పాతిక దాకా పావులున్న బోర్డును 5 సెకన్లు చూపించి దాచేశారు. ఖాళీ బోర్డు మీద గుర్తున్నంత పేర్చమన్నారు. మాస్టర్ 16 పావుల దాకా సరిగ్గా పెట్టాడు. ఓ మోస్తరు మంచి ఆటగాడు 8. కొత్తగా నేర్చుకున్నవాడు 4. తర్వాత అవే పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురు చేసి మళ్లీ 5 సెకన్లు చూపించారు. ఈసారి ముగ్గురూ మూడు నాలుగు దగ్గరే ఆగిపోయారు. మాస్టర్‌కు జ్ఞాపకశక్తే ఎక్కువైతే చెదిరిన బోర్డు కూడా గుర్తుండాలి కదా!

ఆ 5 సెకన్లనూ మన ఆరున్నర సెకన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. చేజ్, సైమన్ చేసిన పరీక్షను మనం రోజూ రాత్రి ఫోన్‌లో ఎత్తు ఎత్తుకీ రాస్తున్నాం.

దీన్ని మనం బోర్డు లేకుండానే అనుభవించవచ్చు. కింది పది అక్షరాలు ఒక్కసారి చదివి, కళ్లు మూసుకుని తిరిగి చెప్పడానికి ప్రయత్నించండి.

చ్చ గె వు ట లి ర గె చి ఇం లు

నాలుగు, మహా అయితే ఆరు. ఇప్పుడు ఇదే పది అక్షరాలు ఇంకో వరసలో.

ఇంట గెలిచి రచ్చ గెలువు

అక్షరాలు అవే, సంఖ్య అదే. చూడగానే అయిపోయింది, రేపు అడిగినా చెబుతారు. ఎందుకంటే రెండోసారి మీరు అక్షరాలు చూడలేదు, సామెత చూశారు. పది అక్షరాలు ఒకే మూటగా లోపలికి పోయాయి. ఈ మూటకే చేజ్, సైమన్ ‘చంక్’ అని పేరు వాడారు. తెలుగు రానివాళ్లకు ఈ రెండు వరసలకూ తేడా ఉండదు. కొత్త ఆటగాడికి బోర్డు అలాగే ఉంటుంది.

మన అష్టావధానంలో వ్యస్తాక్షరి ఉంది కదా. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, “ఏడో అక్షరం ఇది”, “రెండో అక్షరం ఇది” అని మధ్యమధ్యలో ఒక్కొక్కటే విసురుతాడు. అక్షరానికో సంఖ్య, అచ్చం పావుకో గడి ఉన్నట్టే. సగం అక్షరాలు చేతికొచ్చేసరికి మిగతావి ఏమై ఉండాలో అవధానికి భాషే చెప్పేస్తుంది. అర్థంలేని అక్షరాలు ఇస్తే ఎంతటి అవధానికైనా భారమే. పాత అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేదంటే నాకు ఆశ్చర్యం అనిపించదు.

పిల్లల జ్ఞాపకశక్తి పెరగడానికని సరస్వతీ ఆకు పొడులూ లేహ్యాలూ కొని పెట్టే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఈ చెదిరిన బోర్డు సంగతే. గొప్ప జ్ఞాపకశక్తి అని మనం అనుకునేది చాలావరకు ఆ విషయం మీద పోగైన మూటలు. అది సీసాలో దొరకదు.

చేజ్, సైమన్ ఇంకో చక్కటి విషయం గమనించారు. మాస్టర్ పావులు పేర్చేటప్పుడు టకటకా నాలుగు పెడతాడు, రెండు సెకన్లకు పైగా ఆగుతాడు, మళ్లీ టకటకా మూడు పెడతాడు. ఆ ఆగడమే మూటకూ మూటకూ మధ్య గీత. కోట కట్టిన రాజు, పక్కన ఏనుగు, ముందు మూడు బంట్లు ఒక మూట. ఒకదానికొకటి కాపలాగా ఐమూలగా నిలబడిన బంట్లు ఇంకొకటి. ఇలాంటివి మాస్టర్ తలలో 10,000 నుంచి లక్ష దాకా ఉంటాయని అప్పట్లో అంచనా వేశారు. బాగా చదువుకున్న మనిషికి తెలిసిన మాటల సంఖ్య కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుందని సైమన్ పోల్చాడు.

మూటలో పావులు మాత్రమే ఉంటే దాన్ని గుర్తుపట్టి లాభం లేదు. దానికి ఒక ఎత్తు కూడా ముడిపడి ఉంటుంది. అది ఎలాగో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణతో చెబుతాను. బోర్డు తీసి పేర్చుకోండి. నిలువు వరసలు తెల్లవాళ్ల ఎడమ నుంచి ఎ మొదలు హెచ్ దాకా, అడ్డ వరసలు తెల్లవాళ్ల వైపు నుంచి 1 మొదలు 8 దాకా. నల్లరాజు మూలన, హెచ్8లో. పక్కన జి8 ఖాళీ. ఆ పక్కన ఎఫ్8లో నల్ల ఏనుగు. రాజు ముందు జి7, హెచ్7 గడుల్లో అతని బంట్లే. తెల్లగుర్రం హెచ్6లో ఉంది. తెల్లమంత్రి ఇ6 నుంచి ఐమూలగా జి8 వైపు చూస్తోంది. తెల్లవాళ్ల ఎత్తు.

లెక్కవేసి ఆడేవాళ్లు చెక్ ఇచ్చే ఎత్తులు, పావు కొట్టే ఎత్తులు ఒక్కొక్కటే తిరగేస్తారు. మంత్రిని జి8లో పెట్టడం ఆ జాబితాలో అట్టడుగున ఉంటుంది, అక్కడ ఏనుగు దాన్ని ఉచితంగా చంపేస్తుంది కాబట్టి. సరిగ్గా అదే ఎత్తు. మంత్రి జి8, చెక్. హెచ్6 గుర్రం కాపలా ఉంది గనక రాజు మంత్రిని చంపలేడు. ఏనుగే చంపాలి, వేరే దారి లేదు. చంపగానే రాజుకున్న ఒక్క ఖాళీ గడీ తన ఏనుగుతోనే నిండిపోయింది. ఇప్పుడు గుర్రం ఎఫ్7లోకి దూకుతుంది. చుట్టూ సొంతవాళ్లే, ఊపిరాడదు. ఆటకట్టు.

స్మదర్డ్ మేట్ అని దీనికి పేరు. 1497లో స్పెయిన్‌లో అచ్చయిన, లుసెనా రాసిన చదరంగం పుస్తకంలోనే ఈ ఆటకట్టు ఉంది. అంటే 500 ఏళ్లకు పైగా ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్న మూట ఇది. తెలిసినవాళ్లకు ఆ ఆరు పావులు ఒక్క బొమ్మలా కనబడతాయి, బొమ్మతో పాటే జి8 కూడా వెలుగుతుంది. వాళ్లకు అర సెకను చాలు. దాన్ని బయటినుంచి చూసి మనం “ఎంత వేగంగా ఆలోచించాడో” అంటాం. వాళ్లు ఆలోచించలేదు, చదివారు.

చదవడం అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయికి అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లో బస్టాండుకు తీసుకెళితే బస్సుల బోర్డులు చదివేది. “గుం... టూ...” అనేలోపే బస్సు మలుపు తిరిగిపోయేది. బిక్కమొహం వేసేది. నేను ఎంత దూరం నుంచైనా ‘గుంటూరు’ అని చెప్పేసేవాణ్ణి. నేను తనకంటే వేగంగా కూడబలుక్కోలేదు కదా, అసలు కూడబలుక్కోలేదు. ఇప్పుడు తనూ దూరం నుంచే చదివేస్తుంది. ఆ చదువు తనకు బస్టాండులో వచ్చిందా? పోయే బస్సులను రోజుకు పదిహేను చొప్పున చూస్తే రాలేదు. ఇంట్లో పలక మీద గుణింతాలు దిద్దితే, ఒక మాట దగ్గర కావలసినంతసేపు ఆగితే వచ్చింది.

తెనాలి పాఠకుడి రెండేళ్లకు నా జవాబు ఇదే. పోయే బస్సులనే చూస్తున్నారు. బ్లిట్జ్‌లో, అంటే ఇలాంటి కొద్ది నిమిషాల ఆటలో, తెలియని మూట ఎదురైతే అది మనకు కనిపించనే కనిపించదు. తప్పిపోయిందని కూడా తెలియదు. “అయ్యో, ఇందాక ఆటకట్టు ఉంది” అని ఎవరూ చెప్పరు, మన వేలు ‘కొత్త ఆట’ మీద పడిపోతుంది.

ఉన్న మూటలను వాడటానికి బ్లిట్జ్ మంచిదే. 2004లో బ్రూస్ బర్న్స్ అనే పరిశోధకుడు, ఆటగాళ్ల మామూలు రేటింగుల్లోని వ్యత్యాసాల్లో 81 శాతం దాకా బ్లిట్జ్ ఫలితాలతోనే వివరించవచ్చని చూపించాడు. అంటే నెమ్మది ఆటలో గట్టివాళ్లు వేగంలోనూ గట్టివాళ్లే. ఆలోచన అసలు అక్కర్లేదని కాదు. చాబ్రిస్, హర్స్ట్ అనే పరిశోధకులు 2003లో గ్రాండ్‌మాస్టర్ల నెమ్మది ఆటలనూ ర్యాపిడ్ ఆటలనూ (బ్లిట్జ్‌కూ నెమ్మది ఆటకూ మధ్య వేగం) పోల్చి చూస్తే, ర్యాపిడ్‌లో బ్లండర్లు, అంటే ఘోరమైన తప్పులు, స్పష్టంగా ఎక్కువయ్యాయి.

వయసు గురించి కూడా అడిగారు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్లీ 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. రెండోసారికి ఆమెకు 37 ఏళ్లు. చిన్నప్పుడు తండ్రి అశోక్ గారి దగ్గర పోగేసుకున్నది ఇప్పటికీ పలుకుతోంది. 41లో మొదలుపెట్టినవాళ్లు ఆమె కాలేరు. కానీ 41 ఏళ్లవాళ్లు కొత్త లిపి నేర్చుకోగలరు. 1150కీ 1400కీ మధ్య ఉన్నది పాతికా ముప్పై ముఖ్యమైన మూటలే అని నా నమ్మకం. గుర్రంతో ఫోర్క్ (ఒకేసారి రెండు పావుల మీద దాడి), వెనక వరస ఆటకట్టు, పిన్ అయిన (కదిలితే వెనకున్న పెద్ద పావు పోయే) పావును మళ్లీ కొట్టడం, ఇలాంటివి.

అందుకు నేను చెప్పేది ఒకటే పద్ధతి. లిచెస్ అనే చెస్ సైట్‌లో పజిల్స్ రకాలవారీగా ఉచితంగా దొరుకుతాయి. ఒక రకం తీసుకుని ముప్పై పజిల్స్ చేయండి, గడియారం లేకుండా. చివరి ఎత్తు దాకా కళ్లతో చూశాకే వేలు కదపండి. మర్నాడు అవే ముప్పై మళ్లీ చేయండి. మూడు రోజులాగి మళ్లీ అవే. కొత్తవి చేస్తేనే చదువు అనుకుంటాం గానీ, పలక మీద ‘అ’ను ఒక్కసారి దిద్ది వదిలేశామా? పిల్లల చేత పదిహేనేసి ఎత్తుల ఓపెనింగులు బట్టీ పట్టించే కోచింగులంటే నాకు బాధ ఇందుకే. అవతలివాళ్లు మూడో ఎత్తులో దారి తప్పగానే ఆ బట్టీ అంతా వృథా, పిల్లవాడికి బోర్డు మళ్లీ చెదిరిన అక్షరాలే.

ఈ మూటలకు ఒక ప్రమాదం కూడా ఉంది. బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబే అనే పరిశోధకులు 2008లో చేసిన ప్రయోగంలో ఇదే స్మదర్డ్ మేట్ వాడారు. స్థితిలో అది కుదురుతుంది, కానీ అంతకంటే చిన్నదారిలో మూడే ఎత్తుల్లో ఆటకట్టు కూడా ఉంది. మంచి ఆటగాళ్లు తెలిసిన దారి పట్టుకుని చిన్నదారి వదిలేశారు. “ఇంకా మంచిది ఉందేమో వెతుకుతున్నాం” అని వాళ్లు మనస్ఫూర్తిగా చెబుతుంటే, వాళ్ల కనుపాపలు మాత్రం ఆ పాత గడుల చుట్టూనే తిరుగుతున్నట్టు యంత్రం చూపించింది. స్మదర్డ్ మేట్ కుదరకుండా ఒక్క పావు మారిస్తే, అదే చిన్నదారి కనబడింది.

రేటింగ్ గురించి ఒక్కమాట, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే టెన్షన్ పడతారు. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన అర్పాడ్ ఎలో ఈ లెక్క కట్టాడు, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తీసుకుంది. ఆన్‌లైన్ సైట్లలో దానికి తర్వాతి రూపాలు నడుస్తున్నాయి. ఒక్కో ఆటకు 7 పాయింట్లు పెరుగుతాయి లేదా తగ్గుతాయి అనుకుందాం. మీ అసలు బలం 1150. అదృష్టం కలిసొచ్చి 1185కి వెళ్లారు. ఇప్పుడు మీకు 1185 వాళ్లే ఎదురుపడతారు, గెలిచే అవకాశం 50 నుంచి 45 శాతానికి పడిపోతుంది, రేటింగ్ కిందికి లాగబడుతుంది. 1115కి పడితే పైకి లాగబడుతుంది. ఈ లాగుడునూ ఆట ఆటకీ ఊగే ఆ ఏడు పాయింట్లనూ కలిపి లెక్క కడితే, మీలో ఏ మార్పూ లేకుండానే రేటింగ్ మామూలుగా 35 పాయింట్లు అటూ ఇటూ, అప్పుడప్పుడు 70 దాకా ఊగుతుంది. ఈ ఊగిసలాటలోంచే “రాహుకాలంలో ఆడితే కలిసిరాదు”, “ఆ కుర్చీ అచ్చొచ్చింది” అనే నమ్మకాలు పుడతాయి. బాగా పడిపోయినప్పుడే కుర్చీ మారుస్తాం. పడినది ఎలాగూ లేస్తుంది. పేరు కుర్చీకి పోతుంది.

ఇక ఆయన పంపిన ఆట. 23వ ఎత్తు దగ్గర ఆయనది తెల్లవైపు, గుర్రం హెచ్6లో, మంత్రి ఇ6లో. నల్లరాజు మూలన. గడియారంలో ఇంకా రెండు నిమిషాల పది సెకన్లున్నాయి. ఐదు సెకన్లలో మంత్రితో అవతలి మూల ఒక బంటును కొట్టారు, మరుసటి ఎత్తులో గుర్రం పోయింది, ఆట పోయింది. ఆ ఒక్క స్థితినే బొమ్మగా తిరిగి పంపి, “గడియారం లేకుండా చూడండి, ఏమీ కదపకండి” అని రాశాను.

నాలుగు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. “జి8 అండీ. మంత్రిని ఇచ్చేయాలి!” దాని వెనకే ఇంకో మెసేజ్. “దీన్ని రేపు మళ్లీ చూడమంటారా?”

ఎల్లుండి చూడమన్నాను. ఆ తర్వాత వారానికొకసారి, బోర్డు తిప్పి నల్లవైపు నుంచి కూడా.