‘పరువు నష్టం’ అనే మాట వెనుక

వినాయక చవితినాడు శమంతకోపాఖ్యానం విని అక్షతలు తలపై వేసుకునే ఇళ్లలో ‘నీలాపనింద’ అంటే ఏమిటో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ప్రసేనుణ్ణి చంపింది సింహం, మణి చేరింది జాంబవంతుడి గుహకు. నింద మాత్రం కృష్ణుడి మీద పడింది. అబద్ధం ఆ మాటలోనే ఇమిడి ఉంది. కోర్టు వార్తల్లో చదివే ‘పరువు నష్టం’ అలాంటిది కాదు, చిక్కంతా అక్కడే.

1837 నాటి మెకాలే కమిషన్ ముసాయిదా నుంచి రూపుదిద్దుకుని, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో ఈ నేరాన్ని నిర్వచించింది. రాసిన నిందకూ నోటితో అన్న నిందకూ ఇంగ్లండులో వేర్వేరు పేర్లు, వేర్వేరు పర్యవసానాలు ఉండగా, ఈ సెక్షన్ మాటనూ రాతనూ సైగనూ బొమ్మనూ ఒకే గాటన కట్టింది. దాని మొదటి మినహాయింపు ప్రకారం అన్నది నిజమైతే చాలదు, దాన్ని బయటపెట్టడం ప్రజాహితం కోసం అయి ఉండాలి. పొరుగాయన ఎప్పుడో అప్పు ఎగ్గొట్టిన మాట నిజమే అయినా, కక్షకొద్దీ కరపత్రం వేసి వీధిలో పంచినవాణ్ణి ఆ నిజం ఒక్కటే గట్టెక్కించదు. సివిల్ దావాలో అయితే, నిజమని రుజువైతే దావా వీగిపోతుంది.

‘నష్టం’ అన్న మాటా తప్పుదారి పట్టిస్తుంది. సెక్షన్ అడిగేది పోయినదాని లెక్క కాదు. హాని చేయాలన్న ఉద్దేశం, లేదా హాని కలుగుతుందన్న ఎరుక. ఇక మన పత్రికలు ‘పరువు నష్టం దావా’ అని దేనికైనా రాసేస్తాయి గానీ, దావా పరిహారం కోసం వేసేది. జైలుశిక్షకు దారితీసేది మేజిస్ట్రేటు ముందు దాఖలు చేసే ఫిర్యాదు. 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలుశిక్ష వేసింది అలాంటి ఫిర్యాదు మీదే. ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఆ దోషనిర్ధారణపై స్టే ఇచ్చింది.

ఇంగ్లండు 2009 నాటి చట్టంతో ఈ నేరాన్ని ఎత్తివేసింది. ఇక్కడ మాత్రం, పరువు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమంటూ సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు 2016 మే 13న 499వ సెక్షన్‌ను సమర్థించింది. 2024 జూలై 1 నుంచి అది, శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయింది. రెండేళ్ల దాకా సాధారణ జైలుశిక్ష, జరిమానాలకు తోడు ప్రత్యామ్నాయంగా సమాజ సేవ కొత్తగా చేరింది. ప్రజాహితం షరతుతో సహా పది మినహాయింపులూ అలాగే ఉన్నాయి.