ఊపిరికే ఖర్చయ్యే తిండి

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దాయన నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటే, నోటికి సయించడం లేదేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు సంగతి అది కాదు. ఈ జబ్బులో లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఉబ్బిపోయిన ఊపిరితిత్తులు తమ కింద ఉండే డయాఫ్రం కండరాన్ని కిందికి నొక్కుతాయి, పొట్టకు చోటు తగ్గుతుంది. కాస్త తినగానే కడుపు పైకి తన్ని ఆయాసం వస్తుంది. ఆయన ఆకలితోనే లేస్తున్నారు.

తినేది తగ్గింది, ఖర్చు మాత్రం పెరిగింది. మనకు తెలియకుండా జరిగిపోయే శ్వాస ఆయనకు రోజంతా బరువు మోసే పని. చాలని శక్తిని ఒళ్లు కండలు కరిగించి తెచ్చుకుంటుంది, తొడలు సన్నబడతాయి. ఈ రోగుల ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి 2004లో వచ్చిన 'బోడ్' కొలతలో ఆరు నిమిషాల నడకతో పాటు బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) కూడా చేర్చారు. బీఎంఐ 21 దాటకపోతే ప్రమాదం ఒక పాయింటు పెరిగినట్టే.

మరి బలానికని అమ్మే డబ్బా పౌడర్ల లాంటి అదనపు పోషకాహారం పనిచేస్తుందా? 2012లో, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష 17 అధ్యయనాల్లోని 632 మంది వివరాలను కలిపి చూసింది. బరువు పెరిగింది, ముఖ్యంగా బక్కచిక్కినవాళ్లలో. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. అయితే పౌడర్ ఊపిరితిత్తులను బాగుచేయదు. తిన్నది కండ కావాలంటే ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామం తోడుండాలి. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు డబ్బా మీద చక్కెర ఎంతుందో చూసుకోవాలి.

విటమిన్ డి కథ వేరు. రక్తంలో అది మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే తక్కువున్నవాళ్లకు ఇస్తే జబ్బు ముదిరే దాడులు తగ్గాయి. సరిపడా ఉన్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు. కాబట్టి ముందు రక్తపరీక్ష, తర్వాతే మాత్ర. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌తో చేసిన మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి: పొగ తాగేవాళ్లు వాటి జోలికి పోవద్దు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లపై జరిగి 1994లో ఫలితాలు వచ్చిన పరీక్షలో, ఆ మాత్రలు మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్ కూరతో ఆ భయం లేదు.

బీడీ ముట్టకపోయినా, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊది ఈ జబ్బు తెచ్చుకున్న అమ్మమ్మలు మన ఊళ్లలో ఎందరో. అందరూ తిన్నాక మిగిలింది తినడం వాళ్లకు అలవాటు. ఖరీదైన డబ్బా కొనేముందు వాళ్ల కంచంలోకి చూడండి. ఒక గుడ్డు, పప్పులో చెంచాడు నెయ్యి, గుప్పెడు వేరుశనగలు, గడ్డ పెరుగు. మూడు పూటల తిండిని ఆరుసార్లుగా పెట్టండి. వంటయ్యాక కాసేపు కూర్చోనిచ్చి, ఆయాసం తగ్గాకే వడ్డించండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లయితే, అన్నం తినేటప్పుడు అడ్డమని ముక్కు గొట్టం తీసేయనివ్వకండి.