మాన్యువల్ ఎస్‌యూవీ టెస్ట్ డ్రైవ్: పికప్ ఒక్కటే చూసి బుక్ చేయకండి

హైదరాబాద్‌లో కొత్తగా కారు కొన్నవాళ్లకి వాళ్ల బండి మీదే డ్రైవింగ్ నేర్పించడం నా పని. నెక్సాన్ కానీ, వెన్యూ కానీ, చాలామంది చెప్పేది ఒకటే: "టెస్ట్ డ్రైవ్‌లో బాగానే ఉంది సార్, ఇంటికొచ్చాకే ఈ తిప్పలు."

అపోహ: పికప్ బాగుంటే బండి బాగున్నట్టే.

వాస్తవం: ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో ఏ బండైనా హాయిగానే ఉంటుంది. మాన్యువల్ బండి సంగతి తెలిసేది ఫస్ట్, సెకండ్ గేర్లలోనే, అదీ ఎత్తు మీద. కూకట్‌పల్లిలో ఒక అక్కకి షోరూమ్ వాళ్లు సర్వీస్ రోడ్డు మీద ఒక రౌండ్ వేయించి పంపేశారు. తీరా ఇంటి దగ్గర సెల్లార్ ర్యాంప్ సగంలో ఇంజిన్ ఆగిపోతోంది, బండి వెనక్కి జారుతోంది, వెనకాల వాచ్‌మన్ రాయి పట్టుకుని నిలబడుతున్నాడు. "నాకు డ్రైవింగ్ రాదు, అమ్మేస్తాం" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆవిడది కాదు. క్లచ్‌ని కాలి వేళ్ల కొసలతో నొక్కుతున్నారు. సీటు ముందుకి జరిపితే స్టీరింగ్ ఛాతీకి ఆనుకుంటోంది. ఆ వేరియంట్‌లో స్టీరింగ్ పైకీ కిందకీ కదులుతుందే తప్ప ముందుకీ వెనక్కీ జరగదు. భయంతో హాఫ్ క్లచ్ మీదే, అంటే క్లచ్ సగం వదిలి, బండిని ఆపుతూ ఉండటంతో క్లచ్ ప్లేట్ కాలింది. అది అరిగే పార్ట్, వారంటీలో ఇవ్వరు.

అందుకే ముందు సీటు సరిచేసుకోండి. క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చదునైన చోట యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదిలితే బండి దానంతట అదే కదలాలి. ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలుస్తుంది. తర్వాత ఏసీ వేసి, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని, ర్యాంప్ సగంలో ఆపి మళ్లీ పైకి కదిలించండి. రూట్ మీరే అడగండి, మొహమాటపడకండి.

ఎత్తు మీద బ్రేక్ వదిలినా బండి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉంది కదా అంటారు. అది సాధారణంగా రెండు సెకన్లు పట్టుకుంటుంది, అంతే.

అపోహ: ఆటోమేటిక్ డెమో నడిపితే చాలు.

వాస్తవం: చాలదు. కియా సోనెట్ పెట్రోల్‌లో మామూలు మాన్యువల్ 1.2 లీటర్ ఇంజిన్‌కి, డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 1.0 టర్బోకి. ఇంజినే వేరు. మీరు కొనే ఇంజిన్, మీరు కొనే గేర్‌బాక్స్ ఉన్న బండే నడపండి. లేదంటే వచ్చేదాకా ఆగండి.

అపోహ: మూడు సిలిండర్ల బండి వణికితే రిపేరే.

వాస్తవం: ఐడిలింగ్‌లో కాస్త వణుకు మామూలే. టర్బో అయితే 1500, 1800 ఆర్‌పీఎమ్ దాటేదాకా లాగడం తక్కువే, ట్రాఫిక్‌లో సెకండ్‌కి దించక తప్పదు. అది మీకు పడుతుందో లేదో చూసుకోండి.

ఇక టెస్ట్ డ్రైవ్ తీసుకుంటే కొనాల్సిందే అని టెన్షన్ పడేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి రూలేమీ లేదు. లైసెన్స్ పట్టుకెళ్లండి, కావాలంటే ఇంకోరోజు మళ్లీ వెళ్లి అడగండి.