అపోహలు - వాస్తవాలు: "పేదలకు రేపటి ఆలోచన ఉండదు"

బ్యాంకులో మహిళా సంఘాల రుణాలు చూసే పని నాది. లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణం) దరఖాస్తులు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "వాళ్ల చేతిలో డబ్బు నిలవదండీ, రేపటి గురించి ఆలోచించరు." ఇది శుద్ధ అబద్ధం. దీన్ని నమ్మి దరఖాస్తు పక్కన పడేస్తే ఆ మనిషి నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకోవాలి. అంటే ఏడాదికి 60 శాతం. అదే సంఘానికి 3 లక్షల వరకు బ్యాంకు వడ్డీ 7 శాతం.

పూలమ్ముకునే ఒకామె రుణంలో తన వాటాతో కమ్మలు కొన్నదని మా సహోద్యోగి చిరాకుపడ్డారు. ఆమెనే అడిగాను. "ఇంట్లో నోట్లుంటే బంధువులెవరో అడుగుతారు సార్, కాదనలేను. చెవికున్నవి ఎవరూ అడగరు" అంది. ఆ వర్షాకాలంలో భర్తకు జ్వరం ముదిరితే మా కౌంటర్లోనే ఆ కమ్మలు కుదువపెట్టి, సాయంత్రంలోగా ఆసుపత్రిలో డబ్బు కట్టింది. సంక్రాంతికి ముందే విడిపించుకుంది. ఇంతకు మించిన ముందుచూపు జీతగాళ్లలో కూడా నేను చూడలేదు.

తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో పైకం ఆడనప్పుడు ఆలోచనా పరీక్షల్లో వెనకబడిన రైతులే, పంట డబ్బు అందాక మెరుగ్గా చేశారు. డబ్బు బెంగ బుర్రను అంతగా ఆక్రమిస్తుంది. దాన్ని బుద్ధిలోపం అనడం అన్యాయం.

అప్పిస్తే జల్సా చేస్తారంటారా? ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలను పరిశీలించింది. సూక్ష్మరుణాలు ముందుగా అందిన బస్తీల్లో టీ, పొగాకు వంటి వాటి మీద, పండగల మీద ఖర్చు తగ్గింది. ఆ అప్పులతో పేదరికం తీరిపోయిందని మాత్రం తేలలేదు, అదీ చెప్పాలి.

ఉన్నవాళ్లకు పొదుపు పుట్టుకతో వస్తుందా? ఒకటో తేదీన జీతం పడి, పీఎఫ్ ముందే కోత పడితే ఎవరైనా పొదుపరులే. పేదలంతా నీతిమంతులు, ధనికులంతా స్వార్థపరులు అనేదీ అపోహే. మొండి బకాయిలు రెండు వైపులా చూశాను.

"మాకిస్తారా?" అని గుమ్మం దగ్గరే ఆగిపోయే అక్కలు భయపడకండి. సంఘం ఆరు నెలలుగా నడుస్తూ, సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, వసూళ్లు, పుస్తకాలు సక్రమంగా ఉంటే లింకేజీ అడగవచ్చు. 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు, మీ పొదుపు ఖాతాను ఆపి ఉంచకూడదు. ఎవరైనా అలా చేస్తే నేరుగా మేనేజరును కలవండి, తీర్మానం పుస్తకం వెంట తీసుకెళ్లండి.